అప్పులన్నీ కలిపి ఒకే లోను చేసేద్దాం అంటున్నారు మావారు, ఒప్పుకోవాలా వద్దా?

బ్లౌజుల_భారతి
మావారి జీతం చేతికి 58 వేలు. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతా, సీజన్ బట్టి ఓ 9 వేలు అనుకోండి. కూకట్‌పల్లిలో అద్దె 14 వేలు. ఇక అప్పులు చెప్తా, నవ్వకండి. క్రెడిట్ కార్డు మీద లక్షా నలభై వేలుంది, నెలనెలా మినిమం 7 వేలు కడుతున్నాం. పర్సనల్ లోను 5 లక్షలు ఐదేళ్ళకి, 14 శాతం, ఈఎంఐ 11,634, ఏడాది కట్టాం. మావారి పెదనాన్నగారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు, నెలకి 4 వేలు. నా బంగారం మీద బ్యాంకులో లక్షా ఎనభై, ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాం. ఫ్రిజ్ ఈఎంఐ 3,200. మూడు లక్షల చీటీ ఒకటుంది, 30 నెలలది, 12 అయ్యాయి, ఇంకా పాడలేదు, డివిడెండ్ పోను ఎనిమిదిన్నర వేలు పడుతోంది.

పోయినేడు పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్ చేశాం, సగం అప్పు అక్కడిదే. ఇప్పుడు బ్యాంకు నుంచి ఎవరో అమ్మాయి రోజూ ఫోన్, పాత లోను మీద ఇంకో 3 లక్షలు టాపప్ ఇస్తాం సార్ అని. అది తీసుకుని కార్డూ పెదనాన్నగారిదీ కొట్టేద్దాం అని మావారు ఒకటే ఊగుతున్నారు. నాకేమో బంగారం అమ్మేసి ఒడ్డున పడదాం అనుంది, అత్తగారు ఆ మాటెత్తితే మంచం ఎక్కుతారు. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల_మాస్టారు
ముందు మీకు మిగిలేది రాస్తా. 7,000 + 11,634 + 4,000 + 8,500 + 3,200 + అద్దె 14,000 = 48,334. అరవై ఏడు వేలల్లో అది పోతే 18,666. ఇందులోనే తిండి, పెట్రోలు, కరెంటు, స్కూలు ఫీజులు. ఇంకా బంగారం వడ్డీ ఏడాదికోసారి పడేది ఇందులో వెయ్యలేదు.

ఇప్పుడు కార్డు. నెలకి మూడున్నర శాతం అనుకోండి, వడ్డీ 4,900, దాని మీద జీఎస్టీ 18 శాతం అంటే 882, మొత్తం 5,782. మీరు కట్టే 7 వేలల్లో అసలుకి చేరేది 1,218. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా గీకిన ప్రతిదానికీ ఆ రోజు నుంచే వడ్డీ, 45 రోజుల ఉచితం అనేది ఉండదు. ఏడాదికి ఇది యాభై శాతం దగ్గర. మీ పెదనాన్నగారి రెండు రూపాయలు ఏడాదికి 24. అందరూ వడ్డీ వ్యాపారిని తిడతారు గానీ జేబులో ఉన్నోడు అంతకి రెట్టింపు.

సిద్దిపేట_సిన్నోడు
మాస్టారూ గా లెక్క సూస్తే నా కడుపుల తిప్పింది, నేను గూడ మినిమం కడుతున్న రెండేండ్ల సంది 😭

ఎన్నారై_బావగారు
డల్లాస్‌లో కార్డు మీద ఏడాదికి 20, 25 శాతం అంటేనే మేం గుండెలు బాదుకుంటాం. నెలకి మూడున్నర అంటే ఏంటి స్వామీ. ఇక్కడ రెండు పద్ధతులు చెప్తారు, ఎక్కువ వడ్డీది ముందు కొట్టడం ఒకటి, చిన్న బాకీ ముందు తీర్చేసి ఆ ఊపులో పెద్దదానికి వెళ్ళడం ఇంకోటి. రెండోదాన్ని స్నోబాల్ అంటారు.

గోదారి_గట్టు
స్నోబాల్ కూకట్‌పల్లి ఎండలో ఎంతసేపు ఆగుద్ది బావగారూ 😀

బ్యాంకు_బాబాయ్ (రిటైర్డ్)
భారతిగారూ, ఆ టాపప్‌ని అందరూ తిట్టబోతున్నారు కాబట్టి ముందే చెప్తున్నా, కాగితం మీద అది తప్పు కాదు. 3 లక్షలు 14 శాతానికి ఐదేళ్ళు అంటే నెలకి 7 వేలకి ఓ ఇరవై తక్కువ పడుతుంది. ఇప్పుడు కార్డుకీ పెద్దాయనకీ కలిపి 11 వేలు కడుతున్నారు. తగ్గినట్టేగా.

కానీ రెండు అడగండి. టాపప్ అంటే చాలాచోట్ల పాత లోను మూసేసి, మిగిలిన బాకీ కలిపి కొత్తగా పెద్ద లోను రాస్తారు, గడువు మళ్ళీ మొదటి నుంచి అరవై నెలలు. మీరు ఏడాదిలో కట్టింది లక్షా ముప్పై తొమ్మిది వేల ఆరొందలు, అందులో అసలుకి పోయింది 74 వేల చిల్లరే, మొదటి ఏడాది వడ్డీ బరువే ఎక్కువ. మళ్ళీ మొదలంటే ఆ బరువు ఏడాది మళ్ళీ మోస్తారు. రెండోది, ప్రాసెసింగ్ ఫీజూ, దాని మీద జీఎస్టీ, అడక్కుండా అంటగట్టే ఇన్సూరెన్సూ, పాత లోను ముందే మూసినందుకు ఫోర్‌క్లోజర్ చార్జీ ఉందా అనేదీ. అన్నీ కలిపి చేతికి ఎంత వస్తుందో కాగితం మీద రాసివ్వమనండి. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఉంటుంది, సంతకానికి ముందే ఇచ్చి తీరాలి, అందులో ఏపీఆర్ అన్న గడి చూడండి, అంటే ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు శాతం, వడ్డీ గడి కాదు.

అత్త_గారి_కోడలు
బాబాయ్ గారు చెప్పింది కరెక్టేగానీ మా మరిది కథ వినండి. సరిగ్గా ఇదే చేశాడు. రెండు కార్డులు టాపప్‌తో జీరో చేశాడు, ఇంట్లో పాయసం వండుకున్నారు నిజంగా. కార్డులు మాత్రం పర్సులోనే. దసరాకి టీవీ, సంక్రాంతికి మామగారింటికి బట్టలు, ఆ తర్వాత బండి సర్వీసింగు, ఏడాది తిరిగేసరికి కార్డులు మళ్ళీ నిండుకున్నాయి, టాపప్ ఈఎంఐ కూడా నెత్తిన. ఇప్పుడు టాపప్ ఇచ్చే బ్యాంకు కూడా లేదు. అప్పు చోటు మారితే తీరినట్టు కాదు కదా.

గోదారి_గట్టు
@అత్త_గారి_కోడలు నిండుకున్నాయి అంటే మా వైపు అయిపోయాయి అని అర్థం. డబ్బాలో బియ్యం నిండుకున్నాయి అంటాం.

అత్త_గారి_కోడలు
@గోదారి_గట్టు కార్డుల్లో డబ్బు నిండుకుంది, అప్పు నిండింది. ఎలా చదివినా మా మరిది మునిగాడు.

మిర్చియార్డు_మల్లి
అసలు మీరందరూ నెల నెల అంటుంటే నాకు నవ్వొస్తది. మాకు గుంటూరు యార్డులో సరుకు దిగితే డబ్బు, అది కూడా ఏడాదికోసారి, రేటు పడితే అదీ లేదు. బడ్జెట్ రాయడానికి ఏముంటది. కాకపోతే మేం చేసేది ఒకటే, కిసాన్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణం, టైముకి కడితే 7లో 3 తగ్గి 4 శాతం పడుద్ది, ఆ డేటు దాటనివ్వం. దాటామా, ఆ మూడూ పోయినట్టే. డేటు దగ్గరికొస్తే పది రోజులకి బయట తెచ్చయినా కట్టేసి మళ్ళీ తీసుకుంటారు మా ఊళ్ళో.

బ్యాంకు_బాబాయ్
ఆ పది రోజుల అప్పు ఇచ్చేవాడు ప్రతి బ్రాంచి ఎదురు టీకొట్టు దగ్గరే కూర్చుంటాడు మల్లీ, నాకు తెలుసు 😀

నిజాంబాద్_దుబాయ్
మేమైతే వీసాకే మూడు రూపాయలకి తెచ్చినం. ఏజెంటుకు కట్టినం, దుబాయ్ పోయినం, మొదటి ఏడాది సంపాదనంత వడ్డీకే పోయింది, అసలు అట్లనే ఉండె. ఇంటికాడ మాత్రం దుబాయ్ పైసలు అనుకుంటరు, ప్రతోడు చేబదులు అడుగుతడు. భారతక్కా, మీ పెదనాన్న కాగితం రాయించుకున్నడా?

బ్లౌజుల_భారతి
అవును, ప్రోనోటు రాశారు. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టారు మావారు. వడ్డీ ప్రతి నెలా క్యాష్ ఇస్తారు, కాగితం ఏం ఉండదు, పెద్దాయన కదా ఏం అడుగుతాం.

వకీలు_వనజ
అడగాలి. పెద్దాయనే అయినా, పెద్దాయన కాబట్టే అడగాలి, రేపు ఆయన లేకపోతే ఆ నోటు ఎవరి చేతికి వెళ్తుందో. ఇచ్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు వేయించండి, తేదీ, ఎంత, వడ్డీకా అసలుకా. లేదంటే యూపీఐలో వేయండి, అదే రుజువు. ప్రోనోటు మీద దావా గడువు మూడేళ్ళు, చెల్లు మీద మీవారు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతుంది, అది తెలిసి పెట్టండి. అసలు తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోవద్దు. నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం తీర్చేసిన అప్పులే.

సిద్దిపేట_సిన్నోడు
నేనైతే పెదనాయనదే ముందు కట్టుమంట. బ్యాంకోడు పెండ్లిల కనవడడు, పెదనాయన కనవడతడు. దావత్‌ల కూసున్నప్పుడు మెల్లగ ‘బిడ్డ ఫంక్షన్ మస్తు చేసినవురా’ అంటే సచ్చిపోతం.

లెక్కల_మాస్టారు
ఆ ఒక్క మాట కోసం యాభై శాతం అప్పు పక్కన పెట్టి ఇరవై నాలుగు శాతం అప్పు కడతారా?

సిద్దిపేట_సిన్నోడు
కడత మాస్టారూ. గా మాట మీకు తగలలే.

అత్త_గారి_కోడలు
ఇద్దరూ ఆగండి. పెద్దాయనతో కూర్చుని మాట్లాడితే రెండు రూపాయలు రూపాయిన్నరకి దిగొచ్చు, సగం అసలు ఇచ్చి మిగతాదానికి రూపాయి అంటే ఇంకా దిగొచ్చు. కార్డువాడితో అలా కూర్చోలేం. మాట్లాడగలిగినవాడితో మాట్లాడండి, మాట్లాడలేనివాడికి కట్టేయండి.

బ్లౌజుల_భారతి
ఇంకోటి చెప్పడం మరిచా. ఆడపడుచు గృహప్రవేశం మాఘమాసంలో. పుట్టింటివాళ్ళం కాబట్టి బట్టలు పెట్టాలి, పాలు పొంగించడానికి వెండి గిన్నె కావాలంది ఫోన్లో. మావారు ‘టాపప్‌లోనే అదీ చూద్దాం’ అంటున్నారు.

గోదారి_గట్టు
టాపప్‌లో వెండి గిన్నె, ఐదేళ్ళ ఈఎంఐ. పాలు పొంగి రెండు నిమిషాల్లో కిందకి దిగుతాయి, ఈఎంఐ దిగదు.

అమ్మలగన్నయమ్మ
నవ్వకండి, పుట్టింటివాళ్ళ సంగతి మీకు తెలీదు. నేను అరవై దాటినదాన్ని చెప్తున్నా. వెండి ధర ఇప్పుడెలా ఉందో ఆ అమ్మాయికీ తెలుసు. మంచి ఇత్తడి గిన్నె కొని, దానికి పసుపు రాసి బొట్లు పెట్టి, ఒక వెండి కుంకుమ భరిణె చిన్నది జత చేసి పట్టికెళ్ళు. అన్నయ్య చేతులతో పెడితే చాలు. అలిగితే రెండు నెలలు అలుగుతుంది.

నీ దగ్గర ఓణీల ఫంక్షన్ చదివింపుల పుస్తకం ఉందా? అది తియ్యి.

బ్లౌజుల_భారతి
ఉందండీ, బీరువాలో. ఎందుకు?

అమ్మలగన్నయమ్మ
అదీ అప్పుల పుస్తకమే కాబట్టి. నువ్వు పైన రాసిన లెక్కలో అది లేదు. 1,116 రాయించినవాళ్ళ ఇంట్లో రేపు నువ్వు కనీసం 1,116 రాయించాలి, రెండేళ్ళు పోతే 1,516 అంటారు, దగ్గరవాళ్ళయితే 2,116. ఎవరింట్లో ఏ ఏడు పెళ్ళి ఉందో పక్కన పెన్సిల్‌తో రాసుకో. వచ్చే ఏడాది నెలకి ఎంత పడుతుందో తెలుస్తుంది. అనుకోని ఖర్చు అంటారు గానీ పెళ్ళిళ్ళు అనుకోని ఖర్చు ఎలా అవుతాయి, ముహూర్తాలు ముందే తెలుస్తాయి కదా.

లెక్కల_మాస్టారు
అమ్మా, నమస్కారం. ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఈ కాలమ్ నాకు తట్టలేదు.

చీటీల_చిట్టెమ్మ
ఎవరూ చీటీ సంగతి ఎత్తరేం? భారతిగారి దగ్గర పాడని చీటీ ఉంది. కొత్త అప్పు ఎందుకు, అది పాడేయొచ్చుగా. ఓ 50 వేలు తగ్గించి పాడినా రెండున్నర చేతికొస్తుంది. కార్డు లక్షా నలభై మూసేసి మిగిలిన లక్షా పది పెదనాన్నగారికి ఇస్తే ఆయనకి ఇంక 90 వేలు. నెలకి కార్డు 7 వేలూ, వడ్డీలో 2,200 మిగులుతాయి. చీటీ కట్టుబడి ఎలాగూ కడుతున్నదే.

లెక్కల_మాస్టారు
50 వేలు వదులుకోవడం అంటే బాధే, కానీ కార్డు ఏడాదికి ఇంచుమించు 69 వేలు తింటోంది. చిట్టెమ్మగారి మాటే లెక్కకి నిలుస్తుంది.

అత్త_గారి_కోడలు
చీటీ రిజిస్టర్డ్ కంపెనీదా, ఎదురింటి ఆంటీ నడిపేదా? ఆంటీదైతే పాడాక డివిడెండ్ ఉండదు అని రూలు పెడతారు కొన్నిచోట్ల, పది వేలూ కట్టాలి.

బ్లౌజుల_భారతి
కంపెనీదే, రిజిస్టర్డ్. కానీ జామీను అడుగుతారంట, గవర్నమెంటు ఉద్యోగులు ఇద్దరో ముగ్గురో కావాలని. మాకెవరున్నారు. పైగా ఆ చీటీ పెద్దదాని ఇంటర్ ఫీజు కోసమని మొదలుపెట్టాం.

చీటీల_చిట్టెమ్మ
ప్రైవేటు ఉద్యోగుల జీతం స్లిప్పులు కూడా తీసుకుంటారు చాలాచోట్ల, ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టినా ఒప్పుకుంటారు. బ్రాంచికి వెళ్ళి పాటకి ముందే అడగండి. పాట పాడేశాక జామీను దొరక్క నెలలు తిరిగేవాళ్ళని చూశా. ఫీజు సంగతి, కార్డు మూస్తే మిగిలే తొమ్మిది వేలు పక్కన వేస్తూ పోతే జూన్‌కి ఫీజు మీ చేతిలోనే ఉంటుంది.

నిజాంబాద్_దుబాయ్
బంగారం అమ్ముడు ముచ్చట ఏమాయె?

బ్యాంకు_బాబాయ్
బ్యాంకులో 9 చిల్లర శాతానికి ఉన్న బంగారం ఈ మొత్తంలో అన్నిటికంటే చవక అప్పు, దాన్ని చివరికి వదలండి. లక్షా ఎనభైకి ఏడాది వడ్డీ 16 వేల చిల్లర. ప్రైవేటు కంపెనీలో 18 పైన ఉంటే అప్పుడు వేరే మాట, బ్యాంకుకి మార్చమనేవాణ్ణి. ఒక్క జాగ్రత్త. ధర పెరిగింది కదా, తిరగరాసేటప్పుడు అదే నగ మీద ఇంకా ఎక్కువ ఇస్తాం అంటారు. రెండున్నర లక్షల లోపు అప్పుకి విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్బీఐ 2025లో నిబంధన మార్చింది, అంతకుముందు 75. ఇస్తున్నారు కదా అని తీసుకోకండి. వీలైతే ఈసారి వడ్డీతో పాటు అసలు ఓ పది వేలైనా కట్టి తిరగరాయించండి.

అత్త_గారి_కోడలు
అంటే అత్తగారు మంచం ఎక్కే పనిలేదన్నమాట 😀

సిద్దిపేట_సిన్నోడు
నాదొక ముచ్చట. నా కార్డుకు ఒక నెల తప్పింది. పొద్దుగాల ఏడుకే ఫోన్, రాత్రి తొమ్మిదికి ఫోన్, మా అన్నకు గూడ చేసిండ్రు. ఏం జేయాలె?

వకీలు_వనజ
రికవరీవాళ్ళు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని ఆర్బీఐ 2022లోనే చెప్పింది, చుట్టాలకి చేసి పరువు తియ్యకూడదనీ ఉంది. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు పెట్టి ముందు బ్యాంకుకే ఈమెయిల్ ఫిర్యాదు ఇవ్వు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి, ఖర్చు లేదు, ఎలా పెట్టాలో 14448కి చేస్తే తెలుగులో కూడా చెప్తారు. ఇంకో మాట, ‘సెటిల్‌మెంట్ చేస్తాం సగం కట్టు’ అని వస్తారు. వేరే దారి లేకపోతే తప్ప ఒప్పుకోకు, నీ క్రెడిట్ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్తే ఆ ఒక్క పదం చూసి పక్కన పెడతారు. పూర్తిగా కట్టి క్లోజ్డ్ అనిపించుకో.

శనగపిండి_శారద
పెద్ద అప్పుల సంగతి పెద్దవాళ్ళు చెప్పారు, నేను చిన్న ఖర్చుల మనిషిని. ఆ 18 వేల ఆరొందలు ఎక్కడికి పోతున్నాయో తెలిసేలా ఒకటి చెయ్యండి. ఫోన్లో యూపీఐ లైట్ ఉంటుంది, అందులో 5 వేల దాకా వేసుకోవచ్చు, ఒక్కసారికి వెయ్యి లోపు చెల్లింపులు. నేను సోమవారం పొద్దున 2,500 వేస్తా. కూరలు, పాలు, ఆటో, పిల్లల చిరుతిళ్ళు అన్నీ అందులోంచే. అయిపోతే మళ్ళీ సోమవారమే. మొదట్లో గురువారానికే ఖాళీ, శుక్రవారం నుంచి పప్పుచారు ఇల్లంతా. ఇప్పుడు ఆదివారం చికెన్ దాకా లాగుతున్నా.

గోదారి_గట్టు
మీవారికి చెప్పారా, ఆయన ఫోన్లో లైట్ లేదు హెవీ ఉందేమో 😀

శనగపిండి_శారద
ఆయన ఫోన్ నుంచి ఫుడ్ యాప్ తీసేశా. సరిగ్గా చెప్పాలంటే మా చిన్నాడు తీసేశాడు, నేను ఐసుక్రీం ఇప్పించా.

అమ్మలగన్నయమ్మ
భారతీ, లైనింగ్ బ్లౌజు ఎంత తీసుకుంటున్నావు?

బ్లౌజుల_భారతి
350 అండీ.

శనగపిండి_శారద
అయ్యో! మా అమీర్‌పేటలో 600 కి తక్కువ ముట్టుకోరు, అది కూడా పండక్కి ముందు నెల చెప్పాలి.

బ్లౌజుల_భారతి
అపార్ట్‌మెంట్ వాళ్ళే కదా, పెంచితే బాగోదేమో అని. ఇంకా డబ్బులు కూడా అందరూ వెంటనే ఇవ్వరు. ఇప్పుడే నోట్‌బుక్ తీసి చూశా, 11,400 రావాలి నాకు. ఒక్క 304 ఆవిడే 2,800.

సిద్దిపేట_సిన్నోడు
అక్కా, నువ్వు యాభై శాతానికి అప్పు తెచ్చి సున్నా శాతానికి అప్పిస్తున్నవ్ 🙏

లెక్కల_మాస్టారు
ఇది చాలు, నేను ఇంక రాయను.

చీటీల_చిట్టెమ్మ
నగ తూకం చూసి కొనే ఆవిడే బ్లౌజు కూలి బాకీ పెడుతుంది, ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. కొత్త గుడ్డ ఇచ్చేటప్పుడు పాత బాకీ ఇస్తేనే కొలతలు తియ్యి.

బ్లౌజుల_భారతి
ఇవాళ మావారితో కూర్చుని ఇదంతా చదివించా. టాపప్ అమ్మాయికి వద్దని చెప్పారు. వచ్చే నెల పాటకి వెళ్తాం, జామీనుకి ఆయన ఆఫీసులో ఇద్దరు ఒప్పుకున్నారు. పెదనాన్నగారికి ఫోన్ చేస్తే ‘లక్ష ఇస్తే మిగతాదానికి రూపాయి చాల్లేరా’ అన్నారంట, చెల్లు మాట మాత్రం ఎత్తలేకపోయారు, ఇకనుంచి యూపీఐలోనే వేస్తాం. ఇత్తడి గిన్నె గురించి అత్తగారికి చెప్పా, ఇంకా ఏమీ అనలేదు. బ్లౌజు 450 చేశా. 304 ఆవిడ ఇంకా లిఫ్టులో కనపడట్లేదు.

బ్యాంకు_బాబాయ్
కార్డు బాకీ కట్టేశాక అక్కడితో వదలకండి. ‘కార్డు మూసేయండి’ అని రాతపూర్వకంగా పెట్టండి, యాప్‌లోనో ఈమెయిల్‌లోనో. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున వాళ్ళే మీకు ఇవ్వాలి, ఇదీ ఆర్బీఐ నిబంధనే. ముందు ఆ కార్డు మీద ఆటోపేలు ఏమున్నాయో చూసుకోండి, ఫోన్ బిల్లూ ఓటీటీలూ దానికే ముడిపడి ఉంటాయి. చివరి బిల్లు వచ్చాక కూడా పైసల్లో వడ్డీ ఒకటి మిగిలి మళ్ళీ పడుతుంది, అది కూడా కట్టి నో డ్యూ లెటర్ తీసుకోండి.

సిద్దిపేట_సిన్నోడు
బాబాయ్, నా కార్డుల యాభై రెండు వేలు ఉన్నది, నాకు చీటీ లేదు బంగారం లేదు, జీతం 31 వేలు. నేను ఏం జేయాలె చెప్పుండ్రి.

బ్యాంకు_బాబాయ్
వేరే చర్చ మొదలుపెట్టు నాన్నా, అక్కడికి వస్తా. ముందు ఆ కార్డుతో గీకడం ఇవాళ్టి నుంచి ఆపు. ఆ 52 వేలూ ఈఎంఐ కింద మార్చమంటే ఎంత శాతం అంటారో కస్టమర్ కేర్‌ని అడిగి ఆ అంకె పట్టుకురా.